రెండో సైరన్

పొద్దున ఏడు కాకముందే బళ్ళారి జిల్లాలో సండూరు రోడ్డు మీద లారీల వరస మొదలైంది. కరుణమ్మ బోర్లించిన గిన్నెలను తడిబట్టతో మళ్ళీ తుడిచి, బట్ట పిండితే కారిన ఎర్రటి నీళ్ళు చూసి, "నిన్న తోమిన గిన్నెలే ఇవి" అని తనలో తానే అనుకుంది. ఇనుపరాయికి గిరాకీ పెరిగి లారీలు వందలకు వందలయ్యాక, ఆ వీధిలో ప్రతి ఇల్లాలికీ రోజు ఆ మాటతోనే తెల్లవారుతోంది. అది రెండువేల ఏడు, ఫిబ్రవరి నెల.

పెద్దకూతురు డెబోరా లోపల ఆఫీసు చీర ఇస్త్రీ చేసుకుంటోంది. ఆమెకు ముప్పై నిండబోతున్నాయి. కొండమీద గనులున్న ఒక కంపెనీలో టైపిస్టు. పేరుకు టైపిస్టే గానీ మేనేజరు సంతకం పెట్టే ఉత్తరాలన్నీ ఆమె కూర్చినవే. చిన్నకూతురు జాయ్స్ యూనివర్సిటీలో ఖనిజాలకు సంబంధించిన ఎమ్మెస్సీ చదువుతోంది. గడపలో కూర్చుని ఒక చేత్తో ఉగ్గాని తింటూ ఇంకో చేత్తో నోట్సు తిప్పుతోంది.

పక్కింటి మారెన్న చేతిలో ఒక కాగితం పట్టుకుని వచ్చాడు. కొండ మీద లారీలకు రాయి ఎత్తే కూలీ అతను.

"చిన్నపాప ఉండాదా అమ్మా?"

డెబోరా ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి బయటికొచ్చి చెయ్యి చాపింది. "ఏం కాగితం మారెన్నా? ఇటియ్యి, చూస్తా."

మారెన్న కాగితాన్ని కొంచెం వెనక్కి తీసుకుని మొహమాటంగా నవ్వాడు. "నీకు ఆఫీసు టైమయితాంది కదా పెద్దపాపా. చిన్నపాపైతే నాకు తెలిసే మాదిరి చెప్తాది."

చాపిన చెయ్యి ఏం చేయాలో తెలియక డెబోరా కొంగు సర్దుకుంది. జాయ్స్ ఎంగిలి చెయ్యి కడుక్కుని కాగితం తీసుకుంది. రేషన్ కార్డు ఆఫీసు నుంచి వచ్చింది అది.

"ఇందులో రెండే సంగతులుండాయి మారెన్నా. పదైదో తారీకు లోపల నువ్వు ఆఫీసుకు పోవాల. పోయేటప్పుడు కరెంటు బిల్లు తీస్కపోవాల. అంతే."

"అంతేనా! ఇంత పొడుగు రాసినారే?"

"మిగతాదంతా వాళ్ళ కోసరం వాళ్ళు రాసుకున్నారులే."

మారెన్న నవ్వాడు, కరుణమ్మ నవ్వింది. గోడ అవతల బట్టలారేస్తున్న అతని భార్య పక్కీరమ్మ కూడా నవ్వింది. డెబోరా లోపలికి వెళ్ళి చీర మడత విప్పి మళ్ళీ ఇస్త్రీ చేసింది.

ఏడాది కిందట అయితే ఆ కాగితం నేరుగా ఆమె చేతికే వచ్చేది. తండ్రి గిద్యోను గనిలో టైమ్‌కీపరుగా పనిచేసి ఊపిరితిత్తుల జబ్బుతో పోయినప్పుడు డెబోరా బి.ఏ. రెండో ఏడులో ఉంది. చదువు ఆపేసి, టైపు నేర్చుకుని, తండ్రి పనిచేసిన కంపెనీలోనే చేరింది. జాయ్స్ అప్పుడు ఏడో తరగతి. ఆ తర్వాత తొమ్మిదేళ్ళలో వీధిలో ఎవరికి అర్జీ కావాలన్నా, సంఘంలో పాస్టరుగారికి ఏ ఉత్తరం కావాలన్నా డెబోరానే. "దిస్ ఈజ్ టు సర్టిఫై", "హియర్‌బై", "అఫోర్‌సెడ్" లాంటి మాటలు ఆమె వేళ్ళ కొసల్లో ఉండేవి. ఆ మాటలు రాయగలిగిన మనిషి ఆ వీధిలో ఆమె ఒక్కతే. సంబంధాలు వచ్చినప్పుడల్లా "చెల్లెలి చదువు కానీ" అని పక్కకు పెట్టింది. పోయిన చదువు ఆ ఇంగ్లీషు మాటల్లోనైనా మిగిలి ఉందని ఆమెకు ఒక తృప్తి.

ఎమ్మెస్సీలో చేరగానే జాయ్స్‌కు ప్రొఫెషనల్ అండ్ టెక్నికల్ కమ్యూనికేషన్ అని ఏడాదంతా సాగే ఒక పేపరు వచ్చింది. మొదట్లో ఆ పిల్లకే నచ్చలేదు. "రాళ్ళ గురించి చదవను పోతే ఉత్తరాలు రాసేది నేర్పిస్తారంట అక్కా" అని మూతి ముడిచింది. "దానికేముండాది, నేను లేనా?" అని మొదటి అసైన్‌మెంటు డెబోరానే రాసి పెట్టింది. కంపెనీకి శిక్షణ కోసం అడుగుతూ ఒక ఉత్తరం. వారం తర్వాత అది పదికి మూడు మార్కులతో తిరిగొచ్చింది. 'ఈ ఉత్తరం ఏమి అడుగుతున్నదో ఐదో వాక్యం దాకా తెలియలేదు' అని లెక్చరరు సౌభాగ్య మేడమ్ కింద రాసింది. జాయ్స్ ఆ కాగితం దాచబోయింది గానీ డెబోరా చూసేసింది. ఆ తర్వాత చెల్లెలు మళ్ళీ ఏ అసైన్‌మెంటూ అక్క దగ్గరికి తేలేదు. అడగకపోవడమే ఎక్కువ గుచ్చుకుంది.

ఆ పేపరు జాయ్స్‌ను మెల్లగా పట్టుకుంది. ఏది రాయాలన్నా ముందు 'చదివేదెవరు? చదివి ఏం చేయాలి?' అని నోట్సు పైన రాసుకునేది. ఒక ఆదివారం టీ పెట్టే విధానం ఎనిమిది మెట్లుగా రాసి తల్లికి చదివి వినిపించి, "నేను చెప్పిందే చెయ్యి మా, సొంత తెలివి వాడొద్దు" అంది. కరుణమ్మ అట్లాగే చేసింది. పాలు పొంగి పొయ్యి నిండా పారాయి, ఎందుకంటే మంట తగ్గించమని కాగితంలో లేదు. తల్లీ కూతుళ్ళిద్దరూ కడుపు పట్టుకుని నవ్వుతుంటే డెబోరా తలుపు దగ్గర నిలబడి చూసింది. ఆమెను ఎవరూ రమ్మనలేదు. పొమ్మనీ అనలేదు. అయినా ఆ నవ్వులోకి తాను దూరలేనని ఆమెకు అనిపించింది.

సంఘ వార్షికోత్సవానికి ఎనిమిదేళ్ళుగా రిపోర్టు రాసేది డెబోరా. ఆ ఏడు పాస్టరుగారు ఇంటికొచ్చి కాఫీ తాగి, "ఈసారి చిన్నమ్మాయి చేత చెప్పిద్దామమ్మా. పిల్ల చెప్తే ముసలోళ్ళకు కూడా అర్థమయితాది" అన్నాడు. డెబోరా "మంచిది అయ్యగారూ" అంది. ఆ పూట అన్నం సయించలేదు.

జాయ్స్ స్నానానికి వెళ్ళినప్పుడు ఆమె పుస్తకం తీసి దొంగతనంగా చదివేది డెబోరా. అర్థం కాకపోతే, ఇది నాది కాదులే అని పక్కన పడేసేదే. కానీ ప్రతి మాటా అర్థమవుతోంది. తాను కూర్చోవలసిన బెంచీలో చెల్లెలు కూర్చుంది, కూర్చోబెట్టింది తనే. ఈ మాట ఎవరితో చెప్పుకుంటుంది?

ఫిబ్రవరి మూడో వారంలో కంపెనీ కొండ మీద కొత్త గొయ్యి తెరిచింది. పాత గొయ్యీ కొత్త గొయ్యీ దగ్గర దగ్గరగా ఉండడంతో, రాయి పేల్చేటప్పుడు మోగించే సైరన్ పద్ధతి మార్చారు. ఇరవై ఏళ్ళుగా వాడుక ఒకటే: మొదటి సైరన్‌కు అందరూ దూరం పోవాలి, పేలుడు అయ్యాక రెండో సైరన్‌కు తిరిగి రావచ్చు. కొత్త పద్ధతిలో మూడు సైరన్లు. మొదటిది దూరం పొమ్మని. రెండోది ఇప్పుడే పేల్చబోతున్నామని. మూడోది మోగితేనే తిరిగి రావాలి. మార్చి ఒకటి నుంచి అమలు.

మేనేజరు శ్రీమన్నారాయణ చెప్పగా డెబోరా ఇంగ్లీషులో ఒక పేజీ నోటీసు టైపు చేసింది. అచ్చు ఆమె పద్ధతిలో, పొడుగు వాక్యాలతో, 'ఆల్ కన్సర్న్‌డ్' అని మొదలుపెట్టి. ఒక కాపీ ఇంటికి తెచ్చి, తప్పులు చూసుకుని బల్ల మీద పెట్టింది. రెండు రోజులకు ఆ కాపీ కనిపించలేదు. ఆమె పట్టించుకోలేదు.

ఒక సాయంత్రం జాయ్స్ యూనివర్సిటీ నుంచి పరిగెత్తినట్టు వచ్చింది. "అక్కా, నీకొకటి చూపించాల" అని పుస్తకంలోంచి ఒక పెద్ద కాగితం తీసింది. ఒకవైపు కన్నడం, ఒకవైపు తెలుగు, మధ్యలో మూడు బొమ్మలు. మొదటి బొమ్మలో పరిగెత్తే మనిషి, రెండోదాంట్లో బండ చాటున తల వంచుకుని కూర్చున్న మనిషి, మూడోదాంట్లో పార భుజాన వేసుకుని నడిచొచ్చే మనిషి. రెండో బొమ్మ కింద ఎర్రటి పెద్ద అక్షరాలతో: 'రెండో సైరన్‌కు లేవొద్దు. రాయి ఇంకా పేలలేదు.'

"పక్కీరమ్మకు చూపించి, ఏం చేయాలో చెప్పమన్నా. ఒక్క మాట తప్పు చెప్పలేదు. మీ మేనేజరుకు ఇస్తావా? బోర్డు మీద పెట్టుకుంటే మంచిది కదా?"

కాగితం బాగుంది. ఎంత బాగుందో డెబోరాకు చూసిన నిమిషంలోనే తెలిసింది. "ఇస్తాలే" అంటూ అందుకోబోతే జాయ్స్ పుస్తకంలోంచి ఇంకో కాగితం జారి కింద పడింది. అది తాను టైపు చేసిన నోటీసు. దాని నిండా ఎర్ర ఇంకు గీతలు, సున్నాలు. పక్కన జాయ్స్ చేతిరాత: 'క్లాస్ చర్చ. చెడు నోటీసుకు ఉదాహరణ.'

జాయ్స్ అప్పటికే నీళ్ళు తాగడానికి లోపలికి వెళ్ళింది. డెబోరా ఆ కాగితాన్ని మడిచి తన సంచిలో పెట్టుకుంది. మర్నాడు ఆఫీసులో చెల్లెలి బొమ్మల కాగితాన్ని డ్రాయరు అడుగున పెట్టి పైన రెండు ఫైళ్ళు వేసింది. నోటీసు బోర్డు తాళంచెవి ఆమె దగ్గరే ఉంటుంది. ఎవరినీ అడగనవసరం లేదు. తన ఇంగ్లీషు నోటీసును నాలుగు గుండుపిన్నులతో నీటుగా బోర్డుకు గుచ్చింది.

నాలుగు రోజుల తర్వాత జాయ్స్ అడిగింది. "చూసినారా అక్కా?"

"చూస్తాండారు. పెద్దోళ్ళు కదా, టైము పడతాది."

మార్చి రెండో వారం, ఒక బుధవారం పదకొండు గంటలు. డెబోరా టైపు చేస్తుండగా మొదటి సైరన్ వినిపించింది, తర్వాత రెండోది. వెంటనే కొండ అదిరింది. ఆ తర్వాత మూడో సైరన్ మోగలేదు. దానికి బదులు మనుషుల కేకలు వినపడ్డాయి. జీపు ఒకటి దుమ్ము లేపుకుంటూ ఆఫీసు ముందు నుంచి బళ్ళారి వైపు పోయింది. వెనక సీట్లో మారెన్న తల ఒకరి ఒడిలో ఉంది.

ఏం జరిగిందో మధ్యాహ్నానికి తెలిసింది. పాత గొయ్యిలో మేస్త్రీలు కూలీలకు కొత్త పద్ధతి నోటితో చెప్పారు. నెల రోజులుగా పేలుళ్ళకు దూరంగా రాశి దగ్గర పనిచేస్తున్న మారెన్నను ఆ రోజే అక్కడికి మార్చారు. అతనికి ఎవరూ చెప్పలేదు. రెండో సైరన్ వినగానే, ఇరవై ఏళ్ళ అలవాటు కొద్దీ, అయిపోయింది అనుకుని బండ చాటు నుంచి లేచి నడిచాడు. ఎగిరొచ్చిన రాయి మోకాలి కింద ఎముకను నుజ్జు చేసింది.

సాయంత్రం నాలుగింటికి శ్రీమన్నారాయణ ఆమెను పిలిచాడు.

"యాక్సిడెంట్ రిపోర్టు రేపటికల్లా కావాలమ్మా. నోటీసు బోర్డు మీద ఉంది. అతను చూసుకోలేదు. కార్మికుడి నిర్లక్ష్యం అని రాసెయ్. నీకు నేను చెప్పాలా, నువ్వు రాస్తే ఎవరూ వేలు పెట్టలేరు."

ఆ మెచ్చుకోలు కోసం ఆమె ఎన్నో ఏళ్ళు ఎదురుచూసింది. ఇప్పుడు విన్నాక "సరే సార్" అని మాత్రం అని టైపు మిషను ముందు కూర్చుంది. సగం రాసి, కాగితం సంచిలో పెట్టుకుని ఇంటికి వచ్చేసింది.

జాయ్స్ ఇంట్లోనే ఉంది. ఏడ్చిన కళ్ళు. "మోకాలి కిందికి తీసేయాల్సొస్తాదంట. పక్కీరమ్మ ఆస్పత్రిలోనే ఉండాది" అంది. తర్వాత దగ్గరికొచ్చి, "అక్కా, బోర్డు మీద నా కాగితం లేదంట కదా. మేస్త్రి చెప్పినాడు. మేనేజరు వద్దన్నాడా?"

"నన్నెందుకు అడుగుతావు?"

"నీకే కదా ఇచ్చినా."

డెబోరా సంచి కింద పెట్టింది. "మేనేజరుకు ఇయ్యలేదు. నా డ్రాయర్లో ఉండాది. తీస్కపోయిన పొద్దు నుంచి ఆడనే ఉండాది."

"మరిచిపోయినావా?" అని జాయ్స్ ఆశగా అడిగింది. అవునంటే చాలు, నమ్మేయడానికి సిద్ధంగా ఉన్న ముఖం అది.

"మర్చిపోలేదు."

జాయ్స్ ఒక అడుగు వెనక్కి వేసింది. డెబోరా సంచి విప్పింది. ఎర్ర గీతల నోటీసు తీసి బల్ల మీద కొట్టినట్టు పెట్టింది. "ఇదేంది? నా నోటీసు తీస్కపోయి క్లాసులో పెట్టినావు. ఎంతమంది నవ్వినారే? చెప్పు!"

"నీ పేరు చెప్పలేదక్కా..."

"పేరు చెప్పకుంటే నాది కాకుండా పోయిందా? తొమ్మిదేండ్లు ఈ మాటలే టైపు చేసినా. ఈ మాటలతోనే నీకు ఫీజు కట్టినా. నువ్వు అడగను కూడా అడగలేదు. ఈ వీధోళ్ళు నిన్నే అడుగుతారు, అయ్యగారు నిన్నే అడుగుతాడు, అమ్మ నీతోనే నవ్వుతాది. ఇంక నేనేందికే ఈ ఇంట్లో?"

"నువ్వు చదివించినావని నేనెప్పుడూ నీకంటే తక్కువగానే ఉండాల్నా?" జాయ్స్ గొంతు పెంచింది. "మారెన్న కాలు పోతాందక్కా! నామీద కోపముంటే నన్ను కొట్టాల్సింది. నా పుస్తకాలు కాల్చాల్సింది!"

కరుణమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విన్నది. వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది గానీ ఎవరినీ దగ్గరకు తీసుకోలేదు.

"నిన్ను అడిగేది మేము మానుకున్నాము డెబోరా. అది మా తప్పు. అక్కను అడక్కుండా దాని కాగితం నవ్వులపాలు చేసింది చిన్నదాని తప్పు. నువ్వు ఆ బొమ్మల కాగితం దాచింది నీ తప్పు. ఆ రెండిటి కింద ఇది దాచిపెట్టొద్దు తల్లీ. ఇది వేరే."

డెబోరా గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. తల్లి తిట్టి ఉంటే ఎదురు చెప్పేదే. కొంగు నోట్లో కుక్కుకుని చాలాసేపు ఏడ్చింది. జాయ్స్ దూరంగా కిటికీ దగ్గర నిలబడి ఉంది. దగ్గరికి రాలేదు.

ఏడుపు ఆగాక డెబోరా సంచిలోంచి సగం రాసిన రిపోర్టు తీసి చెల్లెలి వైపు చాచింది. జాయ్స్ చదివింది. "ఇది పోతే మారెన్నదే తప్పని తేలిపోతాది. ఆయప్పకు కంపెనీ ఏమీ చేయదు."

"అందుకే ఇది పోదు" అంది డెబోరా. "నేను చూసింది, చేసింది వేరే రాస్తా. లేబర్ ఆఫీసుకు ఇస్తా. ముందు తెలుగులో రాసుకుంటా."

బల్ల దగ్గర కూర్చుని రాసింది. ఒక పేజీ కావడానికి గంట పట్టింది. రాసింది చెల్లెలి ముందు పెట్టింది. జాయ్స్ చదువుతూ ఒకచోట ఆగి, మెత్తగానే అంది. "'బొమ్మలతో కూడిన నోటీసు బోర్డుపై ఉంచబడలేదు.' అక్కా, ఈ వాక్యంలో మనిషి లేడు."

డెబోరా ఆ వాక్యాన్ని చూసింది. తొమ్మిదేళ్ళుగా రాసిన వేల వాక్యాల్లో మనుషులు లేరని ఆమెకు అప్పుడు తెలిసింది. ఉంచబడినది, తెలియజేయడమైనది, చర్య తీసుకోబడును. ఎవరూ ఏమీ చేయని లోకం అది. ఆ వాక్యం కొట్టేసి, కింద రాసింది: 'ఆ నోటీసును నేను నా డ్రాయరులో దాచాను. నా చెల్లెలి మీద అసూయతో దాచాను.'

జాయ్స్ ఆ రెండో వాక్యం మీద వేలు పెట్టి, "ఇది లేబర్ ఆఫీసుకు అక్కర్లేదక్కా" అంది.

"పక్కీరమ్మకు కావాల."

మర్నాడు పొద్దున శ్రీమన్నారాయణ కాగితం చదివి కళ్ళజోడు తీశాడు. "నీకు పిచ్చా? అంతా నీ మీదికే తెచ్చుకుంటున్నావు."

"నా మీద ఉన్నదే సార్. ఇంగ్లీషు నోటీసు కింద మీ సంతకం కూడా ఉంది, అది కూడా రాసినాను" అంది డెబోరా. తాళంచెవి బల్ల మీద పెట్టి, డ్రాయరులోని బొమ్మల కాగితం తీసుకుని బయటికి నడిచింది. ఆ ఉద్యోగం అంతటితో పోయింది.

అదే రోజు అక్కాచెల్లెళ్ళు బళ్ళారి బస్సెక్కారు. ఆస్పత్రి వరండాలో పక్కీరమ్మ మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చుని ఉంది. డెబోరా ఆమె ముందు నిలబడి కాగితం మొత్తం చదివింది. పక్కీరమ్మ తల ఎత్తకుండానే అంది.

"ఇంకోసారి చదువు."

రెండోసారి ఆ రెండు వాక్యాలనూ డెబోరా కాగితం చూడకుండానే చెప్పింది.

"చిన్నపాప నాకు చూపించిన బొమ్మల కాగితమేనా అది?"

"అదే."

పక్కీరమ్మ తల ఎత్తింది. "నాకు అది ఇల్లు దగ్గరే చూపించింది. నేనూ ఆయప్పకు చెప్పలా. కొండ మీద వాళ్ళే చెప్తారులే అనుకున్నా." కొంగుతో మొహం తుడుచుకుంది. "నువ్వు పెద్ద పెద్ద కాగితాలు రాస్తావు. మాకూ మీకూ ఒక గోడే కదమ్మా అడ్డం. 'రెండో సైరన్‌కు లేవొద్దు మారెన్నా' అని గోడ మీంచి ఒక్క మాట అనింటే చాలుండె కదా."

ఆ మాట డెబోరాకు అంతవరకు తట్టనే లేదు. బోర్డు, నోటీసు, ఎవరి రాత గొప్ప, ఎవరి రాత తక్కువ అన్న లెక్కల్లో పడి, రోజూ గోడ పక్క నుంచి నడిచిపోయే మనిషికి ఒక మాట చెప్పొచ్చని తోచలేదు. అక్కడే నేల మీద కూర్చుంది. పక్కీరమ్మ ఆమెను ఓదార్చలేదు. లేచిపోనూ లేదు. కాసేపయ్యాక, "ఆ కాగితం ఇయ్యాల్సిన చోట ఇయ్యి పో. ఆయప్పకు మెలకువ వచ్చినాక నువ్వే చెప్పు. నేను చెప్పను" అంది.

డెబోరా ఇచ్చింది, చెప్పింది కూడా. మారెన్న కాలు మోకాలి కింద తీసేశారు. లేబర్ ఆఫీసు విచారణలో తప్పు కార్మికుడిది కాదని తేలింది. కంపెనీ అతనికి రావలసింది ఇచ్చి, గేటు దగ్గర కాపలా పనిలోకి తీసుకుంది. బొమ్మల నోటీసు రెండు గోతుల దగ్గరా వెలిసింది. మారెన్న డెబోరాతో రెండు నెలలు మాట్లాడలేదు. ఆమె రోజూ పొద్దున వాళ్ళింటికి రెండు బిందెల నీళ్ళు మోసి పెట్టి, ఏమీ అనకుండా వచ్చేసేది. మూడో నెలలో ఒకరోజు అతను లోపలి నుంచి, "కాఫీ తాగిపో పెద్దపాపా" అన్నాడు.

అక్కాచెల్లెళ్ళ మధ్య మాటలు మాత్రం పొడిపొడిగానే ఉండిపోయాయి. డెబోరా బస్టాండు దగ్గర ఒక టైపింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో నేర్పే పని చూసుకుంది.

జూన్‌లో ఒక శుక్రవారం జాయ్స్ తల దించుకుని వచ్చింది. "రేపు నా ప్రాజెక్టు చెప్పాల. ఇంట్లోవాళ్ళు రావచ్చంట. వస్తావా?"

డెబోరా వెళ్ళింది. క్లాసు గదిలో చివరి బెంచీలో కూర్చుంది. చెక్క బెంచీ మీద ఎవరో పేర్లు చెక్కారు. నల్లబల్ల, సుద్దముక్క వాసన. ఇరవై ఏళ్ళప్పుడు వదిలి వెళ్ళిన గది ఇట్లాగే ఉండేది. గుండెల్లో పాత మంట మళ్ళీ రగిలింది. జాయ్స్ ముందు నిలబడి మూడు సైరన్ల నోటీసు గురించి చెప్పింది. ఎక్కడా తడబడలేదు. చివర సౌభాగ్య మేడమ్, "ఎవరికైనా ప్రశ్నలున్నాయా?" అని అడిగింది.

ఎవరూ చెయ్యి ఎత్తలేదు. డెబోరా చెయ్యి ఎత్తింది.

"రాయికి బెజ్జాలు వేసే డ్రిల్లింగు వాళ్ళు చెవుల్లో దూది పెట్టుకుంటారు. వాళ్ళకు సైరనే వినపడదు. వాళ్ళకు ఏం రాసినావు?"

జాయ్స్ పెన్ను తీసుకుని తన కాగితం మీద ఏదో రాసుకుంది. "వాళ్ళకేమీ రాయలేదు. రాయాల. మేము ఎవరమూ దాన్ని ఆలోచించలేదు" అంది.

మేడమ్ వెనక్కి తిరిగి చూసింది. "మంచి ప్రశ్న. మీరెవరమ్మా?"

డెబోరా లేచి నిలబడింది. "మీ క్లాసులో చెడ్డదని చూపించిన ఇంగ్లీషు నోటీసు ఉంది కదా మేడమ్. అది రాసింది నేనే."

ఎవరూ నవ్వలేదు. జాయ్స్ కళ్ళు నిండాయి. "మా అక్క మేడమ్" అంది. ఆ తర్వాత ముందు నుంచి దిగి, బెంచీల మధ్యలోంచి నడిచొచ్చి అక్క పక్కన కూర్చుంది.

సాయంత్రం బస్టాపులో చెట్టు లేదు, నీడ లేదు. ఎర్ర దుమ్ములో ఇద్దరూ ఒక రాయి మీద కూర్చున్నారు. లారీ తర్వాత లారీ పోతోంది.

"ఆ నోటీసు నిన్ను అడిగి తీస్కపోవాల్సింది" అంది జాయ్స్. "నవ్వినప్పుడు నేను కూడా నవ్వినానక్కా. అది నీకు ఎప్పుడూ చెప్పలేదు."

డెబోరా రోడ్డు వైపు చూస్తూ అంది.

"నేనొకటి చెప్తా, కోపం తెచ్చుకోవద్దు. నువ్వు అంత బాగా మాట్లాడతాంటే నాకు ఇప్పుడు కూడా మండె. పూర్తిగా పోలేదు."

జాయ్స్ ఆమె మొహంలోకి చూసింది. తర్వాత ఏడుస్తూనే ఫక్కున నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. డెబోరాకు కూడా అదే అయింది. దారిన పోయేవాళ్ళు తిరిగి చూశారు.

"మండినప్పుడంతా నాకు చెప్పు" అంది జాయ్స్, అక్క భుజం మీద తల వాల్చి. "దాచుకోవద్దు."

"చెప్తా" అంది డెబోరా. "రోజూ చెప్పాల్సొస్తాదేమో."

దూరంగా సండూరు బస్సు కనిపించింది. డెబోరా లేచి, చెల్లెలి దుప్పటా మీది ఎర్రదుమ్మును చేత్తో దులిపింది.